గరగర ఇంట్లోనే పుడుతోంది

సూరత్‌లోని లింబాయత్ వైపు వెళితే మగ్గాల చప్పుడు మధ్య తెలుగు మాటలు వినిపిస్తాయి. తెలంగాణ నుంచి వలస వెళ్లిన నేత కుటుంబాలవి. ఆకాశవాణి హైదరాబాద్ ‘ఏ’ కేంద్రం 738 కిలోహెర్ట్జ్ ప్రసారం అక్కడికి అందాలంటే చీకటి పడాలి. పగలు ఆ తరంగాలను ఆకాశంలోని డి పొర మింగేస్తుంది. రాత్రి ఆ పొర దాదాపు మాయమై, తరంగాలు ఇంకా పై పొరకు తగిలి ఏడు వందల కిలోమీటర్ల అవతల దిగుతాయి. అంత దూరం వచ్చిన సిగ్నల్‌ను ముంచేయడానికి పక్క గదిలోని మోడెం చాలు.

టెలిఫోన్ రాగి తీగ మీద నడిచే ఏడీఎస్ఎల్ ఇంటర్నెట్ సుమారు 25 నుంచి 1,104 కిలోహెర్ట్జ్ దాకా వాడుకుంటుంది. మన మీడియం వేవ్ 531 నుంచి 1602 దాకా. మరి గొడవ రాదా? జంట తీగ బిగువుగా మెలివేసి ఉంటే ఒకదాని రొదను రెండోది చాలావరకు రద్దు చేస్తుంది. మెలిక విప్పి గోడ వెంట లాగితే అదే ఏరియల్ అవుతుంది. ఫైబర్‌లో వెళ్లేది వెలుగు కనుక ఆ బెడద లేదు. కానీ దాని మోడెం అడాప్టరు కరెంటును సెకనుకు పదుల వేల సార్లు తెంచి కలుపుతుంది. చవక అడాప్టర్లలో వడపోత అంతంతమాత్రం.

దొంగను పట్టడం తేలికే. రేడియోను బ్యాటరీలతో పెట్టి ఇంటి మెయిన్ ఆపండి. గరగర తగ్గితే తప్పు మీ ఇంట్లోనే ఉంది. మళ్లీ ఆన్ చేసి ఒక్కో ప్లగ్గూ పీకి చూడండి. ఇన్వర్టరుంటే అదీ ఆపాలి సుమా!

అడాప్టరే కారణమైతే, అదే వోల్టేజి ఉన్న మంచి అడాప్టరు పెట్టండి. లేదా దాని తీగను పెద్ద ఫెరైట్ రింగులో ఎనిమిది, పది చుట్లు తిప్పండి. కేబుల్‌కు ఊరికే తగిలించే చిన్న గుండుతో మీడియం వేవ్‌లో ఒరిగేదేమీ లేదు. రింగు అడ్డుకునే శక్తి చుట్ల సంఖ్య వర్గాన్ని బట్టి పెరుగుతుంది: మూడు చుట్లకు సుమారు తొమ్మిది రెట్లు.

ఏమీ కొనకముందు రేడియోను తిప్పి చూడండి. లోపల ఏరియల్‌గా పనిచేసే ఫెరైట్ కడ్డీ తన కొనల వైపు నుంచి వచ్చేదాన్ని దాదాపు పట్టదు. సూరత్‌కు హైదరాబాద్ ఆగ్నేయాన ఉంది కాబట్టి కడ్డీ ఈశాన్య-నైరుతి దిక్కుల్లో ఉంటే మేలు. మోడెంను ఆ కొనల వైపుకు జరపండి. పొడవాటి ఏరియల్ మాత్రం ఇంట్లో కట్టకండి. అది హైదరాబాద్‌తో పాటు అడాప్టరు రొదనూ పెంచుతుంది.