ఊరి మహిళే ఊపిరి పోసింది!

బిడ్డ పుట్టాక తొలి నెల చాలా కీలకం. ఆసుపత్రికి దూరంగా ఉండే గూడేల్లో ఆ నెల గట్టెక్కేదెలా? ఈ ప్రశ్నకు మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా చూపిన దారినే తర్వాత దేశమంతా అనుసరించింది.

గడ్చిరోలి మనకు దూరమేం కాదు. తెలంగాణ వైపు నుంచి ప్రాణహిత దాటితే ఆ జిల్లానే. అడవులు, ఆదివాసీ పల్లెలు ఎక్కువ. వైద్య దంపతులు అభయ్‌ బంగ్‌, రాణీ బంగ్‌ 1980ల్లో అక్కడ ‘సెర్చ్‌’ సంస్థను నెలకొల్పారు. అప్పట్లో కాన్పులు చాలావరకు ఇళ్లలోనే జరిగేవి. పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో సుమారు 62 మంది నెల నిండకుండానే చనిపోయేవారు. ఇన్‌ఫెక్షన్లు, పుట్టగానే ఊపిరి అందకపోవటం, తక్కువ బరువు.. ఇవే ప్రధాన కారణాలు.

డాక్టర్లు రాలేని చోట ఊరి మహిళలకే శిక్షణ ఇస్తే? ఈ ఆలోచనతోనే 1995లో 39 గ్రామాల్లో ఇంటివద్దే నవజాత శిశువుల సంరక్షణ మొదలైంది. ఐదు నుంచి పదో తరగతి వరకు చదివిన స్థానిక మహిళలను ఎంచుకున్నారు. బిడ్డను తూచటం, శ్వాసను లెక్కించటం, వెచ్చగా ఉంచటం, తల్లి పాలు పట్టించటం నేర్పారు. ఊపిరి అందని బిడ్డకు గాలి అందించటం, ఇన్‌ఫెక్షన్‌ సోకితే యాంటీబయాటిక్‌ ఇంజెక్షన్‌ ఇవ్వటంలోనూ తర్ఫీదునిచ్చారు. వీరే ‘ఆరోగ్యదూత’లు.

అంత చదువు లేనివారు ఇంజెక్షన్‌ ఇవ్వటమా అని సందేహం రావొచ్చు. ఫలితాలే దీనికి జవాబు. మూడేళ్లలో మరణాలు వెయ్యికి సుమారు 25కు తగ్గాయి. ఈ సేవలు అందని పక్క గ్రామాల్లో మాత్రం 60 దగ్గరే ఉండిపోయాయి. 1999లో ‘లాన్సెట్‌’ వైద్య పత్రిక ఈ వివరాలను ప్రచురించింది.

మన ఇంటికీ వస్తారు

2011లో కేంద్ర ప్రభుత్వం ఈ పద్ధతిని ఆశా కార్యకర్తల ద్వారా దేశవ్యాప్తంగా ఆరంభించింది. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను ఆశా 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికొచ్చి చూడాలి. ఇంట్లో పుడితే తొలిరోజూ రావాలి. ఇన్నిసార్లు తిరిగినందుకు అప్పట్లో నిర్ణయించిన ప్రోత్సాహకం బిడ్డకు 250 రూపాయలు! పెద్దాసుపత్రిలో కాన్పు అయ్యింది కదా, ఈమెతో పనేంటని అనుకోవద్దు. లోపలికి పిలవండి. బిడ్డను చూపించండి. సందేహాలుంటే అడగండి.

ఇవి కనిపిస్తే ఆలస్యం వద్దు

* పాలు సరిగా తాగకపోవటం, మందకొడిగా ఉండటం
* నిమిషానికి 60, అంతకన్నా ఎక్కువసార్లు శ్వాస తీసుకోవటం (బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు నిమిషం పాటు లెక్కించాలి)
* శ్వాస తీసుకునేటప్పుడు డొక్కలు లోపలికి పోవటం
* ఒళ్లు చల్లబడటం లేదా జ్వరం
* ఫిట్స్‌
* బొడ్డు చుట్టూ ఎర్రబడటం, చీము
* తొలి 24 గంటల్లోనే కామెర్లు. ఎప్పుడైనా అరచేతులు, అరికాళ్లు పచ్చబడటం

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇంటి వైద్యాలతో కాలయాపన చేయొద్దు. బిడ్డను ఛాతీకి హత్తుకొని, వెచ్చగా కప్పి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అవసరమైతే 108కు ఫోన్‌ చేయాలి.