కోళ్లకు కండబలము – మేత, శ్రమ

కోడి కండరములకు వచ్చు రోగములన్నియు అంటువ్యాధులు కావు. కొన్ని మేతలోపమువలన, కొన్ని పుట్టుకవలన, కొన్ని రెక్కల శ్రమవలన కలుగును. కారణమెరిగినగాని చికిత్స ఫలింపదు.

మొదట మేత సంగతి చూతము. రావులపాలెము వంటి గోదావరి డెల్టా గ్రామములలో పెరటికోళ్లకు తవుడు, నూకలు పెట్టుట కలదు. తవుడులో నూనె యుండును. మిల్లునుండి తెచ్చిన తవుడు ఉక్కలోను, చెమ్మలోను త్వరగా ముక్కిపోయి చేదెక్కును. చెడిన నూనె మేతలోని 'ఇ' విటమినును నశింపజేయును. దానితోపాటు గంధకముగల ఎమినో ఆమ్లములు కూడ కొరవడినచో, పిల్లల రొమ్ముకండలో తెల్లని చారలేర్పడి కండపోగులు క్షీణించును. ఈ మార్పు పైకి కనబడకపోవచ్చును. కోసి చూచినప్పుడే బయటపడును.

దీనికి నివారణ సులభము. తవుడును కొద్దికొద్దిగా, తాజాగా తెచ్చుకొనవలెను. పచ్చని ఆకులు 'ఇ' విటమిను నిచ్చును. నువ్వుల చెక్క, ఎండుచేపల పొడి గంధకపు ఆమ్లముల నిచ్చును.

రెండవది వంశపారంపర్యముగా వచ్చు క్షీణత. దీనిని 1956లో కాలిఫోర్నియాలో అస్ముండ్సన్, జూలియన్ అను శాస్త్రజ్ఞులు వర్ణించిరి. అట్టి కోడిని వెల్లకిల పరుండబెట్టినచో తిరిగి లేవలేదు. దీనికి మూలమైన జన్యులోపమును 2008లో గుర్తించిరి. మేత మార్చినంత మాత్రమున ఇది పోదు. అట్టి కోళ్ల గ్రుడ్లను పొదగవేయరాదు.

మూడవది శ్రమవలన వచ్చునది. రెక్కను పైకెత్తు కండరము రొమ్ములోపల బిగువైన పొరలో ఇమిడియుండును. కోడి బెదరి రెక్కలు అదేపనిగా కొట్టుకొన్నప్పుడు ఆ కండరము ఉబ్బును, పొర సాగదు, రక్తప్రసారము ఆగి కండ చచ్చి, క్రమముగా ఆకుపచ్చగా మారును. రొమ్ము బరువెక్కిన బ్రాయిలరు కోళ్లలో ఇది ఎక్కువ. కనుక కోళ్లను తరిమి పట్టరాదు. కాళ్లుపట్టి తలక్రిందులుగా వ్రేలాడదీయరాదు. చీకటిలో నెమ్మదిగా పట్టుకొనుట మేలు.

ఇంతమాత్రమున వ్యాయామము చెడ్డదని తలపరాదు. దొడ్డిలో తిరుగుచు గింజలేరుకొను నిత్యశ్రమ వేరు. బెదరి కొట్టుకొను హఠాత్తు శ్రమ వేరు. మొదటిది కండను పెంచును, రెండవది కండను చంపును.

ఒక్క హెచ్చరిక. కాళ్లీడ్చుట, మెడ వంకరపోవుట కొక్కెర తెగులువలన కూడ కలుగును. అట్టి గుర్తులు కనబడినచో ఆ కోడిని వేరుచేసి, వెంటనే పశువైద్యునికి చూపవలెను. తెగులేదియు లేకయే పిల్లలు బలహీనపడుచున్నచో, ముందుగా తవుడు డబ్బా మూత తీసి వాసన చూడుడు.