నీట మునిగిన నగరం, గట్టెక్కిన రంగస్థలం

1955లో మన దేశంలో రెండు మహానిర్మాణాలకు నాంది జరిగింది. ఫిబ్రవరి 2న, దుర్గ్ సమీపాన భిలాయిలో ఉక్కు కర్మాగారం నెలకొల్పడానికి సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. డిసెంబరు 10న ప్రధాని నెహ్రూ కృష్ణానదిపై నాగార్జునసాగరానికి శంకుస్థాపన చేశారు. భిలాయిలో ఒక కొత్త నగరం లేచింది. కృష్ణలోయలో ఒక పాత నగరం మునిగింది. దాని పేరు విజయపురి. ఆ నగరానికి ఒక రంగస్థలం ఉండేది.

క్రీస్తుశకం 3, 4 శతాబ్దాలలో విజయపురి ఇక్ష్వాకుల రాజధాని. శిథిలాల జాడ 1926లోనే తెలిసినా, లోయనంతటినీ తవ్వి చూడవలసిన తొందర ఆనకట్ట తలపెట్టిన పిదపనే కలిగింది. 1954 నుండి 1960 వరకు పురావస్తు శాఖవారు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యాన, రానున్న నీటితో పందెం వేసినట్లు తవ్వకాలు సాగించారు. ఈ ప్రేక్షకశాల పూర్తి రూపం లోకానికి తెలిసినది అప్పుడే.

ఇటువంటి కట్టడం మన దేశంలో బహు అరుదు. నడుమ దీర్ఘచతురస్రాకారపు ఆవరణ. దానికి నాలుగు వైపులా అంతకంతకు ఎత్తుగా లేచే మెట్ల వరుసలు. ఇటుకతో కట్టి రాతిపలకలు పరిచారు. పైకప్పు లేదు. చేరువలోని గుట్టమీద, బిడ్డలను కాచే హారీతీదేవి ఆలయం.

భరతుని నాట్యశాస్త్రం కోరినది దీనికి పూర్తిగా భిన్నమైన శాల. నాట్యమండపం కొండగుహవలె ఉండవలెననీ, చిన్న గవాక్షాలతో, గాలి చొరకుండా ఉంటే కంఠధ్వని గంభీరంగా పలుకుతుందనీ ఆ శాస్త్రం చెప్పింది. భిలాయి ఉన్న ఛత్తీస్‌గఢ్‌లోనే, ఉత్తరాన సర్గుజా జిల్లా రామగఢ్ కొండపై ఉన్న సీతాబెంగా గుహను చూస్తే ఈ మాట గుర్తుకు రాక మానదు. థియోడర్ బ్లోఖ్ 1904లో దానిని ప్రాచీన నాటకశాలగా ప్రకటించాడు. పండితులందరూ ఒప్పుకోలేదనుకోండి, అది వేరే సంగతి.

మరి విజయపురివారు ఆరుబయలు శాలను ఎందుకు కట్టుకున్నట్లు? రోమను ప్రభావమని కొందరి ఊహ. ఆ లోయలో రోమను బంగారు నాణేలూ, చేత పానపాత్ర ధరించి డయొనిసస్ దేవుణ్ణి తలపించే శిల్పమూ దొరికాయి కనుక ఆ ఊహను తోసిపుచ్చలేము. అది నాటకశాల కాదు, మల్లయుద్ధాలకు కట్టిన క్రీడారంగమని మరికొందరి వాదం. ఈ వాదాలలో నాకు పెద్ద వైరుధ్యం కనిపించదు. వీధినాటకం ఆడిన బయలులోనే మరునాడు కుస్తీపోటీ జరగడం మన పల్లెలలో ఎవరెరుగరు?

నీరు రాకముందే ముఖ్యమైన కట్టడాలు కొన్నిటిని ఎత్తైన తావులకు తరలించారు. కొండశిఖరం ద్వీపమైంది; అక్కడ మ్యూజియం వెలసింది. ప్రేక్షకశాలను మాత్రం జలాశయపు గట్టున, మాచర్లకు చేరువలోని అనుపు వద్ద తిరిగి కట్టారు. 1967లో సాగరపు కాలువలకు నీరు వదిలారు. ఎండిన పొలాలు పండాయి. ఆ లాభాన్ని కాదనేవారు ఎవరూ లేరు. అయితే రంగస్థలమంటే మెట్లు మాత్రమేనా? కొలతలు తప్పకుండా మెట్లను పేర్చవచ్చు. వాటివెనుక ఉన్న గుట్టను, నగరవీధి నుండి నడిచివచ్చే దారిని, ఆ గుట్ట నుండి తిరిగివచ్చిన ధ్వనిని ఎవరు మోసుకురాగలరు?

అనుపులో సందర్శకులు నేటికీ నడిమి ఆవరణలో నిలిచి చప్పట్లు చరుస్తారు. పై మెట్టున కూర్చున్నవారు వినబడిందని చేయి ఊపుతారు. ఆ మెట్ల పైనుండి చూస్తే సాగరం కనిపిస్తుంది. శాల మొదట ఉన్న చోటు ఆ నీటి అడుగుననే ఉన్నది.