చర్మం నుంచి మెదడు కణం ఎలా వస్తుంది?

నూజివీడు తోటలో చిన్నరసం మామిడి ఆకులోనూ, పండు గుజ్జులోనూ ఉండే జన్యువులు ఒకటే. (టెంకలో జీడి మాత్రం వేరు, అందులో పుప్పొడి వాటా ఉంది.) ఆకులో కొన్ని జన్యువులు పనిచేస్తాయి, గుజ్జులో వేరే కొన్ని. మనకూ అంతే. మెదడుకు కావాల్సిన జన్యువులన్నీ చర్మ కణంలోనూ ఉంటాయి, కానీ ఆ కణం వాటన్నిటినీ వాడుకోదు.

కొందరు పిల్లలకు మాటలు ఆలస్యంగా వస్తాయి, చదువు పట్టుబడదు. కొన్నిసార్లు కారణం వంశంలో వచ్చిన జన్యులోపం. మేనరికాల్లో అయితే ఒకే లోపం తల్లి నుంచీ తండ్రి నుంచీ బిడ్డకు చేరే అవకాశం పెరుగుతుంది. హైదరాబాద్‌లోని డీఎన్‌ఏ పరిశోధన కేంద్రం సీడీఎఫ్‌డీ లాంటి చోట్ల జన్యుపరీక్షలు చేస్తారు. మరి ఆ లోపం మెదడులో ఏం చెడగొడుతోంది? మెదడు ముక్క కోసి చూడలేం కదా! అయితే చర్మ కణాల నుంచి మెదడు కణాలను పెంచి చూడొచ్చు.

2006లో జపాన్‌లో షిన్యా యమనాకా చిట్టెలుక చర్మ కణాల్లోకి 4 జన్యువులను పంపి, వాటిని ఏ కణంగానైనా మారగల మూలకణాలుగా మార్చారు. మరుసటి ఏడాది మనిషి కణాలతోనూ కుదిరింది. 2012లో నోబెల్ వచ్చింది. తగిన రసాయనాలిస్తూ పెంచితే ఈ మూలకణాలే కొన్ని వారాల్లో పొడవాటి పోగులు చాచే నాడీకణాలవుతాయి.

పిల్లల్లో అలాంటి ఇబ్బందులకు కారణమయ్యే ఫ్రాజైల్ ఎక్స్ అనే లోపమే చూడండి. ఎఫ్ఎంఆర్1 జన్యువులో సీజీజీ అనే మూడు డీఎన్‌ఏ అక్షరాలు మామూలుగా సుమారు 30 సార్లు వరసగా ఉంటాయి. 200 దాటితే మిథైల్ అనే రసాయన గుర్తులు అంటుకుని జన్యువు మూగబోతుంది. 2018లో అమెరికాలో రుడాల్ఫ్ యానిష్ బృందం రోగుల మూలకణాల్లో ఆ మిథైల్‌ను తొలగించింది. జన్యువు మళ్లీ పనిలోకి దిగింది. ఆ మూలకణాల నుంచి పెరిగిన నాడీకణాలూ మామూలుగా ప్రవర్తించాయి. ఇదంతా ప్రయోగశాలలో జరిగిందే, ఇంకా వైద్యం కాలేదు.