పురుగు ఏమీ నేర్చుకోలేదు

గులాబీ రంగు పురుగు బీటీ పత్తికి అలవాటు పడిపోయిందని పత్తి పండే ఊళ్లలో ఎవర్నడిగినా చెబుతారు. నిజానికి అలా అలవాటు పడ్డ పురుగు ఒక్కటీ లేదు. బీటీ కాయను తొలిచిన పురుగు చావనైనా చచ్చింది, బతకనైనా బతికింది. సాధన చేసుకునే వ్యవధి దానికెవరూ ఇవ్వలేదు.

తొలి రకం బీటీ మొక్కలో తయారయ్యే ప్రోటీన్‌ విషంగా పనిచేయాలంటే పురుగు పేగు గోడలో కాడ్‌హెరిన్‌ అనే మరో ప్రోటీన్‌ను పట్టుకోవాలి. లెక్కలేనన్ని పురుగుల్లో ఏ కొన్నిటికో ఆ కాడ్‌హెరిన్‌ జన్యువు పుట్టుకతోనే చెడి ఉంటుంది. మామూలు చేలో ఆ లోపంతో ఒరిగేదేమీ లేదు. 2002లో మన దేశంలో బీటీకి అనుమతి వచ్చి, కొన్నేళ్లకే చేలన్నీ దాదాపు బీటీమయం అయ్యాక ఆ లోపమే ఆస్తి అయింది. మంచివాటిని చేను చంపేస్తూ పోయింది, చెడిపోయినవి పిల్లల్ని కన్నాయి.

అయితే తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన జన్యువులు రెండూ చెడితేనే పురుగు గట్టెక్కుతుంది. ఒకటి బాగుంటే చస్తుంది. అందుకే విత్తన సంచితోపాటు 120 గ్రాముల నాన్‌ బీటీ గింజలు ఇచ్చి, చేను చుట్టూ వేయమన్నారు. అక్కడ హాయిగా పెరిగిన మామూలు పురుగులు, బీటీని తట్టుకున్న ఆ కొద్దిపాటి వాటితో జతకడితే పుట్టే సంతానం బీటీ కాయలో చస్తుంది. లెక్క చక్కగా ఉంది. కాకపోతే సొంత ఖర్చుతో పురుగుల్ని మేపమని కౌలు రైతుకు చెప్పడం తేలిక కాదు. మేపితే నష్టం తన ఒక్కడిది, లాభం ఊరందరిది. చిన్న ప్యాకెట్లు చాలావరకు గట్టు మీదే ఉండిపోయాయి.

పత్తి కాయను తొలిచే మరో పురుగైన శనగపచ్చ పురుగుకైతే శనగ, కంది, టమాటా చేలున్నాయి. దాని మామూలు సంతతి వాటిలో బతికిపోయింది. గులాబీ పురుగు తిండి దాదాపుగా పత్తే. 2010లో గుజరాత్‌లో అది తొలి బీటీ ప్రోటీన్‌ను తట్టుకుంటోందని ప్రకటించారు. 2006లో వచ్చిన రెండు జన్యువుల బీటీని కూడా తర్వాత కొన్నేళ్లలోనే దాటేసింది.

అమెరికాలోని అరిజోనాలో ఒకప్పుడు ఉన్నదీ ఇదే పురుగు. అక్కడ రైతులు మొదట్నుంచీ నాన్‌ బీటీ వేశారు. ఆపైన వంధ్యం చేసిన రెక్కల పురుగుల్ని విమానాల్లోంచి వదిలారు. 2018లో అమెరికా పత్తి చేలలో ఈ పురుగు లేదని ప్రభుత్వమే ప్రకటించింది.

మనవాళ్లు ఇప్పుడు పత్తిని వేసవి దాకా ఉంచొద్దని, త్వరగా కట్టె పీకేయమని చెబుతున్నారు. మంచి సలహానే, కాయ లేకపోతే బీటీని తట్టుకున్న పురుగైనా ఆకలితో చావాల్సిందే. కానీ ఈ పురుగుల్లో కొన్ని పత్తి లేని నెలల్ని గింజలో నిద్రపోయి గడిపేస్తాయి. అన్నీ ఒకేసారి మేల్కొనవు. ఆలస్యంగా లేచేవాటికే ఇక మంచి రోజులు.