ఫ్యాట్ బైకు శీతాకాలపు టైర్లు

ఫ్యాట్ బైకు అనగా మంచు, ఇసుక వంటి మెత్తని నేలపై తొక్కుటకు వీలుగా మిక్కిలి వెడల్పైన టైర్లు అమర్చిన సైకిలు. మామూలు మౌంటెన్ బైకు టైరు 2 నుండి 2.5 అంగుళాల వెడల్పు ఉండగా, ఫ్యాట్ బైకు టైరు సుమారు 3.8 అంగుళాలు లేక అంతకు మించి ఉంటుంది. అమెరికాలోని అలాస్కా, మిన్నెసోటా రాష్ట్రాలలోను, కెనడాలోను చలికాలంలో వీటి వాడకం ఎక్కువ. 4 అంగుళాల టైర్లతో కొన్న సైకిలుకు మంచు పడే కాలంలో 4.8 లేక 5 అంగుళాల టైర్లు వేసుకొనుట అక్కడి సైకిలుదారులలో పరిపాటి. ఇది పాత టైరు విప్పి కొత్తది వేయుటంత తేలికగా కనిపించినను, ఫ్రేము, రిమ్ము, చైను, గాలి పీడనము అన్నీ దీనితో ముడిపడి ఉన్నాయి.

చరిత్ర

కుక్కల బండ్ల పందెమునకు పేరుపొందిన అలాస్కాలోని ఇడిటరాడ్ దారిపై 1987లో ఇడిటాబైక్ అను సైకిలు పందెము మొదలైనది. మామూలు టైర్లు మంచులో కూరుకుపోవుటచే పోటీదారులు చాలా దూరం సైకిళ్ళను తోసుకొంటూ నడువవలసి వచ్చేది. దీనికి విరుగుడుగా కొందరు రెండు రిమ్ములను ప్రక్కప్రక్కన కలిపి, ఒకే హబ్బుపై రెండు టైర్లు ఎక్కించి చూశారు. ఫెయిర్‌బ్యాంక్స్ నగరానికి చెందిన సైమన్ రాకోవర్ 44 మి.మీ. వెడల్పుతో స్నోక్యాట్ అను రిమ్మును తయారు చేశాడు. ఇదే కాలంలో న్యూ మెక్సికోలో రే మొలీనా ఎడారి ఇసుకలో తొక్కుటకై 82 మి.మీ. రిమ్ములను, 3.5 అంగుళాల టైర్లను చేయించాడు. ఇసుక కోసం పుట్టిన ఈ టైర్లే అలాస్కా మంచుకు పనికివచ్చినవి. ఫ్యాట్ బైక్ అను పేరును అలాస్కాలోని పామర్ ఊరికి చెందిన మార్క్ గ్రోన్‌వాల్డ్ వాడుకలోకి తెచ్చాడు.

2005లో మిన్నెసోటాకు చెందిన సర్లీ సంస్థ పగ్స్‌లీ అను సైకిలును, దానికై 3.7 అంగుళాల ఎండోమార్ఫ్ టైరును, 65 మి.మీ. రిమ్మును విడుదల చేయుటతో ఇవి సామాన్య కొనుగోలుదారులకు అందుబాటులోకి వచ్చాయి. పగ్స్‌లీ ముందు, వెనుక చక్రాలను ఒకదాని స్థానంలో మరొకటి బిగించవచ్చును. ముందు చక్రానికి కూడ ఒక పళ్ళచక్రం బిగించుకొని, దూరప్రాంతంలో వెనుక హబ్బు చలికి బిగుసుకుపోయినచో చక్రాలు మార్చుకొని ఇల్లు చేరవచ్చునన్నది ఇందలి ఆలోచన. అదే సంస్థ 2011లో తెచ్చిన మూన్‌లాండర్ 100 మి.మీ. రిమ్ములపై 4.7 అంగుళాల టైర్లు పట్టేట్లు తయారైనది.

వెడల్పు ఎందుకు?

టైరు నేలను తాకే వైశాల్యము, రమారమి, మోసే బరువును లోపలి గాలి పీడనముతో భాగించగా వచ్చునంత ఉంటుంది. మనిషి, సైకిలు కలిపి 90 కిలోలు అనుకొంటే, 30 పి.ఎస్.ఐ. వద్ద రెండు టైర్లూ కలిసి సుమారు 43 చదరపు సెం.మీ. మాత్రమే నేలను తాకుతాయి. 6 పి.ఎస్.ఐ. వద్ద అది 210 చదరపు సెం.మీ. దాటుతుంది. టైరు ప్రక్కగోడల బిగువు వలన ఈ లెక్క కొంత అటూఇటూ అయినను విషయము స్పష్టము: మంచుపై తేలించునది ముఖ్యముగా తక్కువ పీడనము. అయితే సన్నని టైరులో గాలి అంతగా తగ్గించినచో ప్రతి గతుకుకూ రిమ్ము నేలకు తగులుతుంది. వెడల్పు టైరు ఎత్తు కూడ ఎక్కువ గనుక అది తక్కువ పీడనమును తట్టుకొంటుంది. కొత్త టైర్లు కొని, గాలి మాత్రము పాత అలవాటు ప్రకారమే కొట్టుకొన్నవారికి ఖర్చు తప్ప ప్రయోజనము కనబడదు.

ఫ్రేములో చోటు

మొదట చూడవలసినది ఫ్రేములో ఖాళీ. టైరుపై ముద్రించిన కొలతను నమ్మరాదు. ఒకే 4.8 అంగుళాల టైరు 65 మి.మీ. రిమ్ముపై సన్నగాను, 100 మి.మీ. రిమ్ముపై వెడల్పుగాను కూర్చుంటుంది. కొన్నింటిలో టైరు శరీరము కంటె అంచు బొడిపెలే వెడల్పుగా ఉంటాయి. కావున వీలైతే అదే రిమ్ముపై ఎక్కించి గాలి కొట్టిన టైరును కొలుచుకొనుట మేలు. ఫ్రేము వెనుక గొట్టాల మధ్య, ఫోర్కు పైభాగాన, టైరుకు ఇరువైపుల కనీసం 6 మి.మీ. ఖాళీ ఉండాలి. పొడి నేలపై దీనికంటె తక్కువతో సరిపెట్టుకోవచ్చును గాని, చలికాలంలో తడి మంచు టైరుకు అంటుకొని ఈ సందులలో పేరుకొని గట్టిపడుతుంది. చక్రము తిరుగుట ఆగిపోతుంది.

వెనుక హబ్బు కొలత చూచి కొంత అంచనా వేయవచ్చును. 170 లేక 177 మి.మీ. హబ్బు గల ఫ్రేములు ఎక్కువగా 4 అంగుళాల టైర్ల చుట్టూ రూపొందినవి. 190, 197 మి.మీ. హబ్బు గలవి 5 అంగుళాల దాకా పట్టేట్లు ఉంటాయి. ఇది నియమము కాదు, కొలత తప్పదు.

వెనుక చోటు చాలనప్పుడు ముందు చక్రానికి మాత్రమే వెడల్పు టైరు వేయుట ఒక మంచి ఉపాయము. దారి తప్పి ప్రక్కకు దిగబడేది తరచు ముందు చక్రమే. వెనుక చక్రము అది త్రొక్కిన గాడిలోనే వస్తుంది. ఫోర్కులో ఖాళీ కూడ సామాన్యముగా ఎక్కువ ఉంటుంది. ఫ్రేము మార్చే ఖర్చుకు వెళ్ళేముందు దీనిని ప్రయత్నించి చూడదగును.

చైను, రిమ్ము

చైను టైరుకు రాచుకొనుట చాలామందికి టైరు బిగించిన తరువాత గాని తెలియదు. వెనుక అన్నిటికంటె పెద్ద పళ్ళచక్రముపైకి, అంటే ఎత్తు ఎక్కే గేరులోకి మార్చినప్పుడు చైను లోపలికి జరిగి టైరు అంచు బొడిపెలకు తగులుతుంది. లోతైన మంచులో కావలసినది సరిగ్గా ఆ గేరే. ముందు పళ్ళచక్రమును కొద్దిగా బయటికి జరుపుట, లేక ముందు ఒకే పళ్ళచక్రము ఉంచుకొనుట దీనికి పరిష్కారాలు. పెద్ద గేరును వదులుకొనుట కూడ ఒక మార్గమే గాని అది ఎవరికీ తృప్తినివ్వదు.

4 అంగుళాల టైరుకు 65 మి.మీ. రిమ్ము చాలును. 4.8 అంగుళాల టైరుకు 80 నుండి 100 మి.మీ. రిమ్ము సరిపోతుంది. బరువు తగ్గించుటకు ఈ రిమ్ములకు తరచు పెద్ద రంధ్రాలు కోస్తారు. రంధ్రాల మీదుగా పట్టీ సరిగా చుట్టకపోతే ట్యూబు బయటికి ఉబ్బుతుంది.

గాలి, చలి

గాలి చల్లబడితే పీడనము తగ్గుతుంది. 20 డిగ్రీల సెంటీగ్రేడు గల ఇంట్లో 10 పి.ఎస్.ఐ. గాలి కొట్టిన టైరు, -20 డిగ్రీల చలిలోకి వెళ్ళిన తరువాత సుమారు 6.6 పి.ఎస్.ఐ. మాత్రమే చూపుతుంది. కావున పీడనమును బయట, సైకిలు చల్లబడిన తరువాత సరిచూచుకోవాలి. మామూలు పంపు మీటరు ఇంత తక్కువ పీడనమును నమ్మకముగా చూపలేదు. 15 పి.ఎస్.ఐ. వరకే కొలిచే చిన్న మీటరు మేలు. గట్టిపడిన దారిపై 8 నుండి 10, మెత్తని మంచులో 5 లేక అంతకు తక్కువ పి.ఎస్.ఐ. వాడతారు. మరీ తగ్గించినచో హ్యాండిలు తనంతట తాను ప్రక్కకు లాగుతుంది, టైరు రిమ్ముపై జారి ట్యూబు వాల్వు మొదలు చిరగవచ్చును.

ఊరికి దూరముగా, తీవ్రమైన చలిలో జరిగే పంక్చరు ప్రాణము మీదికి రాగలదు. తొక్కుచున్నంతసేపు వెచ్చగా ఉన్న శరీరము ఆగిన కొద్ది నిమిషాలలోనే చల్లబడుతుంది. చేతి తొడుగులు తీసి లోహమును ముట్టుకొన్న వ్రేళ్ళు మొద్దుబారుతాయి. ఇంత పెద్ద టైరును చేతి పంపుతో నింపుటకు వందల సార్లు కొట్టవలసి ఉంటుంది. అందుచేత కొత్త టైరును మొదటిసారి విప్పి ఎక్కించే అభ్యాసము ఇంటి దగ్గరే, తొడుగులతోనే చేయుట మంచిది. ట్యూబు లేకుండా ద్రవము పోసి వాడేవారు, ఆ ద్రవము ఎంత చలికి గడ్డకడుతుందో ముందే తెలుసుకోవాలి.

వెడల్పు పనికిరాని చోట్లు

గడ్డకట్టిన చెరువుపై, వాన పడి గట్టిపడిన నున్నని మంచుపై వెడల్పు వలన లాభము చాలా స్వల్పము. అక్కడ పట్టు ఇచ్చేవి టైరులో దిగగొట్టిన లోహపు మేకులే. 5 అంగుళాల మేకులు లేని టైరు కంటె 4 అంగుళాల మేకుల టైరు అక్కడ భద్రము. మోకాలిలోతు తాజా మంచులో ఏ టైరూ తేలదు. స్నోమొబైళ్ళు త్రొక్కి గట్టిపరచిన దారిపైనే ఈ సైకిళ్ళు బాగా నడుస్తాయి. చక్రము ఒక అంగుళము కంటె లోతుగా గాడి చేయుచున్నచో వెనుదిరుగుట అక్కడి సైకిలుదారుల మర్యాద, ఎందుకనగా ఆ గాడి రాత్రికి గడ్డకట్టి మరునాడు వచ్చే స్కీయర్ల కాళ్ళకు అడ్డుపడుతుంది.