పోతపాలు పలుచన చేస్తే బిడ్డకు ముప్పు

శిశువుకు తొలి ఆరు నెలలు తల్లిపాలే సంపూర్ణ ఆహారం. తల్లి మరణించినా, తీవ్ర అనారోగ్యంతో పాలివ్వలేకపోయినా వైద్యుని సలహాపై డబ్బాపాలు పట్టక తప్పదు. ఇటువంటి ఇళ్లలో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. డబ్బా మరో నాలుగు రోజులు వస్తుందని పొడి తగ్గించి నీరు ఎక్కువ పోస్తుంటారు. బిడ్డ కడుపు నిండినట్లే కనిపిస్తుంది గానీ మాంసకృత్తులు, శక్తి చాలినంత అందవు. బరువు పెరగక క్రమంగా పోషకాహార లోపానికి గురవుతుంది. పొడి ఎక్కువైనా మలబద్ధకం, నిర్జలీకరణం తలెత్తవచ్చు.

కలిపే పద్ధతి: చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పాత్రలను శుభ్రంగా కడిగి నీటిలో మరిగించాలి. పాలపొడిలోనూ హానికర క్రిములు ఉండవచ్చు. అందువల్ల మరిగించిన నీరు బాగా చల్లారకముందే, కనీసం 70 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండగా పొడి కలపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. ముందుగా నీరు కొలిచి పోయాలి. తరువాత డబ్బాలోని చెంచాతో, అంచుకు సమానంగా తీసిన పొడిని డబ్బాపై సూచించిన మేరకు వేయాలి. పాలు చల్లార్చి, ముంజేతిపై చుక్క వేసి వేడి చూశాకే పట్టాలి. కలిపి రెండు గంటలు దాటినవి, బిడ్డ తాగగా మిగిలినవి పారబోయాలి. సీసా కన్నా ఉగ్గుగిన్నె మేలు. దానిని శుభ్రపరచడం తేలిక.

శిశువుల పాలపొడిపై ప్రకటనలను, ఉచిత నమూనాల పంపిణీని 1992 నాటి కేంద్ర చట్టం నిషేధించింది. కనుక ఎవరో ఇచ్చారని డబ్బా మొదలుపెట్టరాదు. కొనే స్థోమత లేనివారు నీటితో సరిపెట్టక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుని సంప్రదించాలి. అంగన్‌వాడీ కేంద్రంలో ప్రతినెలా బిడ్డ బరువు తూయించాలి. పాలు సరిపోతున్నదీ లేనిదీ ఆ తూకమే చెబుతుంది.